వరస తప్పిన కవరు

తెనాలి,
జులై 9.

కృపమ్మ వదినగారికి,

వందనాలు. ఈ ఉత్తరం మీ వీధిలో ఉండే ఆదాము చేతికిస్తున్నాను. రోజూ రేపల్లె రైల్లో తెనాలి మార్కెట్టుకి వచ్చిపోయే మనిషి కాబట్టి సాయంత్రానికల్లా మీకు అందుతుంది. ఫోన్ చేస్తే సరిపోయేదిగా అని మీరనుకుంటారు. నా కుడిచెవికి సరిగ్గా వినిపించడం లేదు, అదొక కారణం. అసలు కారణం వేరు. ఫోన్లో అన్న మాటని మర్నాడు "నేనట్లా అన్లేదండీ" అంటే నా దగ్గర రుజువేమీ ఉండదు. మీరు కూడా కాగితం మీదే జవాబివ్వండి.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక బాపట్ల వెళ్ళాను. మా పుష్పలత, మీ జాన్సన్ ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. రూబీ నన్ను చూసి గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చి, అక్కడే మోకాళ్ళు ముడుచుకుని కూలబడింది. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. రెండున్నరేళ్ళ పిల్ల అలా కూర్చుని ఊపిరి కూడదీసుకుంటుంటే చూడలేకపోయాను. గుండె లోపలి గోడకి చిల్లు ఉందనీ, ఊపిరితిత్తులకి రక్తం వెళ్ళే దారి ఇరుకనీ, వచ్చే నెల గుంటూరులో ఆపరేషననీ నాకు తెలుసు. అందులో కొత్త లేదు.

కొత్త సంగతి నేను బయలుదేరేటప్పుడు బయటపడింది. "అమ్మా, ఆపరేషన్‌తో పాటు ఏదో స్టడీ కూడా ఉందంట" అని పుష్పలత నేలచూపులు చూస్తూ అంది. ఏం స్టడీ అని అడిగితే జాన్సన్ అందుకుని, "మా అమ్మకి తెలుసండి అత్తయ్యా. డాక్టరుగారి దగ్గరికి అమ్మ కూడా వచ్చిందిగా" అన్నాడు.

మనిద్దరికీ ఉన్నది ఒక్క మనవరాలు. నాన్నమ్మకి తెలిసిన సంగతి అమ్మమ్మకి తెలియలేదు. ఆ స్టడీ ఏమిటి? పిల్లకి ఏం చేస్తారు? నాకు చెప్పవద్దని మొదట అన్నది ఎవరు? మూడింటికీ జవాబు రాయండి.

ఫ్లోరెన్స్


రేపల్లె,
జులై 11.

ఫ్లోరెన్స్ వదినగారికి కృపమ్మ వందనాలు చేసి రాసేది.

మీ ఉత్తరం చదువుతుంటే నన్ను బెంచీ ఎక్కించి నిలబెట్టినట్టే ఉంది. సరే, అడిగారు కాబట్టి చెబుతాను.

డాక్టరు పేరు శశిధర్. చిన్న వయసే. మమ్మల్ని కూర్చోబెట్టి బొమ్మ గీసి మరీ చెప్పాడు. లోపల కుట్లు వేయాలంటే గుండె కొట్టుకోకుండా ఆపాలంట. అందుకు చల్లటి మందునీళ్ళు గుండెకి ఎక్కిస్తారు. అంతసేపూ ఒంట్లో రక్తాన్ని మిషను తిప్పుతుంది. చిక్కెక్కడంటే, అట్లా ఆపిన గుండె కండ నీరు పీల్చుకుని వాస్తుందంట. "శనగలు నానినట్టా బాబూ?" అన్నాను. నవ్వాడు. "అట్లాంటిదేనండి. పసిపిల్లల గుండె పెద్దవాళ్ళ గుండెకన్నా తొందరగా నీరు పడుతుంది. వాచిన గుండె సరిగ్గా కొట్టుకోదు. ఆ వాపు రాకుండా చూసుకోవడమే మాకు సగం పని" అన్నాడు.

ఆ మందునీళ్ళలో రెండు రకాలున్నాయంట. రెండూ వాడుకలో ఉన్నవే. ఒకటి వాళ్ళు ఎప్పట్నించో వాడేది. రెండోది కాస్త చిక్కగా కలిపింది. చిక్కగా ఉంటే కండలోకి నీరు తక్కువ దిగుతుందేమోనని చూస్తున్నారు. పిల్లల్లో ఏది మేలో తేల్చడానికే స్టడీ. ఒప్పుకున్న పిల్లలకి వరసలో ఒక్కో మూసిన కవరు విప్పుతారు. ఏది రాసుంటే అది. ఏది వచ్చిందో మిషను దగ్గర ఉండే మనిషికి తప్ప ఆపరేషన్ చేసే ఆయనక్కూడా చెప్పరంట.

మీకు చెప్పొద్దని ఎవరన్నారంటారా? ఎవరూ అన్లేదు. చెబితే ఎన్ని ప్రశ్నలడుగుతారోనని అందరం భయపడ్డాం, అంతే. నాకైతే ఈ పద్ధతి నచ్చింది. కొత్త సంవత్సరం ఆరాధనలో బుట్టలోంచి బైబిలు మాట రాసిన వాగ్దానపు కార్డు తీసుకోమూ? ఎవరికి ఏ మాట రావాలో దేవుడే ఇస్తాడు. ఇదీ అంతేగా.

మీ దగ్గు తగ్గిందా? పుష్పలత చెప్పింది. మిరియాల పాలు తాగండి.

కృపమ్మ


తెనాలి,
జులై 14.

కృపమ్మ వదినగారికి,

డాక్టరు చెప్పినదంతా మీరు శుభ్రంగా రాశారు. చదివాక నా అనుమానం తగ్గలేదు, పెరిగింది.

రిటైరయ్యేదాకా సైన్సు చెప్పినదాన్ని. పబ్లిక్ పరీక్ష పేపర్లు పేరు కనపడకుండా ఇస్తే దిద్దేవాళ్ళం. ఎవరిదో తెలియకపోతే పక్షపాతానికి చోటుండదు. ఆ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. కానీ అక్కడ నా చెయ్యి తప్పితే పిల్లాడికి నాలుగు మార్కులు పోతాయి. ఇక్కడ పోయేది మార్కులు కాదు.

రెండింట్లో ఏది మేలో అంత చదివిన డాక్టరుకి లోలోపల ఒక అభిప్రాయం ఉండకుండా ఉంటుందా? ఉంటే బయటికి చెప్పడేం? రేపు ఏదైనా జరిగితే "నేను కాదండీ, కవరు" అనడానికా? తన కన్నబిడ్డకయితే కవరు విప్పుతాడా? పెద్ద పెద్దవాళ్ళ పిల్లల్ని కూడా అడుగుతున్నారా, లేక రేపల్లె నుంచీ బాపట్ల నుంచీ వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళనేనా?

వాగ్దానపు కార్డులతో పోలిక పెట్టకండి. ఆ బుట్టలో చెయ్యి పెడితే ఏది వచ్చినా మంచి మాటే. చెడ్డ మాటలు మన చర్చి అయ్యగారు అందులో వేయించరు. ఈ కవర్లలో కూడా అంతేనని మీకు ఎవరు హామీ ఇచ్చారు?

నేను డాక్టరుతో మాట్లాడేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దని పుష్పలతకి రాశాను. మిరియాల పాలు నాకు పడవు.

ఫ్లోరెన్స్


రేపల్లె,
జులై 22.

ఫ్లోరెన్స్ వదినగారికి,

ఎంత పని చేశారండీ.

మీరు "ఏ కాగితం మీదా" అన్నారు. మీ అమ్మాయి మీ మాటని మీకన్నా గట్టిగా పట్టుకుంది. స్టడీ కాగితం సరే, ఆపరేషన్ కాగితం మీద కూడా సంతకం పెట్టనంది. స్టడీలో చేరకపోయినా ఆపరేషన్ చేస్తామని డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు. రెండూ వేరు వేరు కాగితాలు. జాన్సన్ ఎంత చెప్పినా "మా అమ్మ అడగమన్నది అడిగాకే" అంటుంది. ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేసి, ఈ వారంలో చెప్పకపోతే ఆ తేదీ ఇంకో పిల్లకి ఇస్తామన్నారు. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడు ఖాళీ వస్తుందో వాళ్ళకే తెలీదు.

నేను బాపట్ల వెళ్ళి చూస్తే మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవు. వాడు వీధరుగు మీద, ఆవిడ వంటింట్లో. మధ్యలో పిల్ల. నిన్న పొద్దున టిఫిన్ తినిపిస్తుంటే ఇడ్లీ వద్దని ఏడ్చింది. ఇంతలోకే నల్లబడి, మెడ వాల్చేసింది. దాని మోకాళ్ళు దాని గుండెలకే ఆనించి పట్టుకుని కూర్చున్నాను, డాక్టరుగారు నేర్పించినట్టు. పిల్ల మళ్ళీ కళ్ళు తెరిచేదాకా నా పై ప్రాణాలు పైనే పోయాయి. మీరు తెనాలిలో కూర్చుని డాక్టరు కన్నబిడ్డ గురించి ఆలోచిస్తున్నారు. ఇక్కడ ఊపిరాడక కొట్టుకుంటోంది మన బిడ్డల బిడ్డ.

మీ అనుమానాలు మీ ఇష్టం. ఎంత పెంచుకుంటారో పెంచుకోండి. సంతకం మాత్రం ఆపకండి.

కృపమ్మ


తెనాలి,
జులై 26.

కృపమ్మ వదినగారికి,

నా ఉత్తరంలో "ఆపరేషన్ కాగితం తప్ప" అని రాయవలసింది. రాయలేదు. మీ ఉత్తరం అందిన రోజే పుష్పలతకి ఫోన్ చేశాను. నాకు ఫోనంటే ఎంత పడదో మీకు తెలుసు.

నిన్న గుంటూరు వెళ్ళి డాక్టర్ శశిధర్‌ని నేనే కలిశాను. దగ్గుతున్నానని ముక్కుకి గుడ్డ కట్టించి దూరంగా కూర్చోబెట్టారు. అడగవలసినవి అడిగాను. "రెండింట్లో ఏది మంచిది?" అంటే "తెలియదండి" అన్నాడు. "మీ మనసులో ఒకటి ఉండాలిగా?" అన్నాను. "నా మనసులో ఉన్నది తప్పని తేలిన సందర్భాలు చాలా ఉన్నాయండి. అందుకే నన్ను నేను నమ్మడం మానేశాను" అన్నాడు. సొంత బిడ్డ సంగతి కూడా అడిగాను. "మా అన్నయ్య కొడుకు ఇందులోనే ఉన్నాడు. ఏ కవరు వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు" అన్నాడు. మందు మెల్లగా, తక్కువ ఒత్తిడితో ఎక్కిస్తారనీ, ఆపరేషన్ చివర్లో రక్తంలో ఎక్కువైన నీటిని వడగట్టి తీసేస్తారనీ, అది స్టడీలో ఉన్నా లేకపోయినా అందరు పిల్లలకీ చేస్తారనీ చెప్పాడు.

ఒక్క ప్రశ్నకీ విసుక్కోలేదు. అదే నాకు కాస్త తేడాగా అనిపించింది. ముక్కూ మొహం తెలియని ముసలావిడ అంతసేపు సతాయిస్తే ఎవరికైనా విసుగు రావాలి. మర్యాద మరీ ఎక్కువగా ఉన్నచోట నేను జాగ్రత్తగా ఉంటాను.

అయినా రెండు కాగితాల మీదా సంతకం పెట్టమన్నాను. పెట్టింది. తేదీ ఆగస్టు 19. దగ్గు పూర్తిగా పోయేదాకా వార్డు వైపు రావద్దని నాకు చెప్పారు. తల్లిదండ్రులు కాక ఇంకొకరే ఉండవచ్చట. రూబీ మీ పక్కలో తప్ప పడుకోదట, కాబట్టి మీరే ఉండండి. ఏం జరిగితే అది జరిగినట్టు నాకు రాయండి. జాన్సన్ బాపట్ల వెళ్ళివచ్చేటప్పుడు తెనాలిలో దిగి ఇచ్చిపోతాడు.

ఫ్లోరెన్స్


గుంటూరు, ఆసుపత్రి నుంచి,
ఆగస్టు 18.

వదినగారికి,

చేరాం. పిల్ల హుషారుగానే ఉంది. నర్సమ్మలందరికీ వందనాలు పెడుతోంది. రేపు పొద్దున్నే లోపలికి తీసుకెళ్తారు.

ఒక చిన్న మాట. స్టడీలోంచి మన రూబీ పేరు తీసేశారు. ఏదో వరస తప్పిందంట. వాళ్ళు ఎప్పుడూ వాడే మందుతోనే చేస్తామన్నారు. మీకు మొదట్నించీ కావలసింది అదేగా. కాబట్టి ఇందులో ఇంక ప్రశ్నలు లేవు.

ప్రార్థన చేయండి.

కృపమ్మ


తెనాలి,
ఆగస్టు 19.

కృపమ్మ వదినగారికి,

పిల్ల లోపల ఉన్న సమయంలో ఇది రాస్తున్నాను. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను. పక్కన గుంటూరు వెళ్ళే జాన్సన్ స్నేహితుడు ఉత్తరం కోసం నిలబడి ఉన్నాడు.

ప్రశ్నలు ఉన్నాయి. నిన్నటిదాకా రండి రండి అన్నవాళ్ళు ఇవాళ పొమ్మన్నారు. ఎందుకు? "ఏదో వరస" అంటే ఏ వరస? మా ఇంట్లో దేనికైనా "ఏదో" అన్నది జవాబు కాదని మీకు తెలుసు. రెండు మందులూ సమానమే అయితే మన పిల్లని తప్పించవలసిన పని లేదు. తప్పించారంటే ఆ చిక్కటి మందు మేలని వాళ్ళకి ఈపాటికే తెలిసిపోయి ఉండాలి, మన పిల్లకి రావలసిన కవరు ఇంకెవరికో ఇచ్చి ఉండాలి. మీరు నవ్వుకుంటారు. నెల కిందట ఆ మందు వద్దన్నది నేనేనని. అవును, నేనే. వద్దనడం వేరు, మన చేతిలోంచి లాక్కోవడం వేరు.

కవర్లు చూసుకునే అమ్మాయి పేరు భవ్య అని పుష్పలత చెప్పింది. ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ అమ్మాయిని అడిగాను. "మా టేబుల్ దగ్గర వరస తప్పిందండి, సారీ అండి" అని తడబడింది. ఎలా తప్పిందమ్మా అంటే మళ్ళీ సారీ అంది. ఆ కవర్లో ఏముందమ్మా అంటే, విప్పకుండా పక్కన పెట్టేశామంది. విప్పకుండానే! ఎవరిని కాపాడుతోందా పిల్ల?

ఆ భవ్య మీద ఆసుపత్రి పెద్దలకి ఫిర్యాదు రాసి ఉంచాను. ఆపరేషన్ కబురు తెలిశాక పోస్టు చేస్తాను.

పిల్ల సంగతి వెంటనే రాయండి.

ఫ్లోరెన్స్


గుంటూరు,
ఆగస్టు 20.

వదినగారికి,

దేవుడి దయవల్ల ఆపరేషన్ అయింది. చిల్లు మూశారు. ఇరుకు దారి వెడల్పు చేశారు. పెదాలు ఎర్రగా ఉన్నాయి వదినగారూ, పుట్టిన దగ్గర్నించీ ఆ రంగు నేను చూడలేదు. గోళ్ళు కూడా గులాబీ రంగుకి వచ్చాయి. ముఖం కాస్త ఉబ్బింది, తగ్గుతుందంట. పాదాలు వెచ్చగా ఉన్నాయి. నిద్రమందు ఇచ్చి పడుకోబెట్టారు. కనురెప్పలు ఎంత పొడుగున్నాయో ఇప్పుడే చూసినట్టుంది.

ఆ అమ్మాయి మీద ఏమీ రాయకండి. భవ్య మంచి పిల్ల. ఈపురుపాలెంలో మగ్గం నేసేవాళ్ళ పిల్ల, కష్టపడి చదువుకుంది. పెద్దవాళ్ళం మనం, చిన్నపిల్లల పొట్ట మీద కొట్టకూడదు.

మీ దగ్గు పూర్తిగా తగ్గేదాకా కదలకండి. మేమున్నాంగా.

కృపమ్మ


తెనాలి,
ఆగస్టు 21.

కృపమ్మ వదినగారికి,

మీ ఉత్తరంలో పెదాలున్నాయి, గోళ్ళున్నాయి, ముఖం, పాదాలు, ఆఖరికి కనురెప్పలు కూడా ఉన్నాయి. ఆపరేషన్ చేసిన ఛాతీ గురించి ఒక్క ముక్క లేదు. కుట్లు ఎన్ని పడ్డాయని కూడా రాయలేదు. మీరు మామూలుగా కూర దగ్గర్నించీ వర్ణించే మనిషి.

పుష్పలత ఫోన్లో "అంతా బాగుందమ్మా" అంటూ ఏడుస్తోంది. బాగుంటే ఏడుపెందుకే అంటే "సంతోషమమ్మా" అంది. నా కూతురి సంతోషం నాకు తెలియదా?

ఇవాళ జాన్సన్ ఉత్తరం ఇవ్వడానికి వచ్చి, కాఫీ తాగుతూ ఆఫీసు వాళ్ళతో ఫోన్లో మాట్లాడాడు. నాకు వినపడదనుకున్నాడు. నా ఎడమ చెవి బాగానే పనిచేస్తుంది. "ఛాతీ మూసేదాకా రాలేను సార్" అన్నాడు. మూసేదాకా అంటే ఇప్పుడు తెరిచి ఉందా? "ఏంటి బాబూ అది?" అన్నాను. కప్పు కింద పెట్టి, "అమ్మ చెబుతుందండి అత్తయ్యా" అని వెళ్ళిపోయాడు. సగం కాఫీ అలాగే ఉంది.

ఎందుకు తెరిచి ఉంచారు? లోపల ఏమైనా మరిచిపోయారా, కత్తెరో గుడ్డో? మళ్ళీ తీయడానికి అలా ఉంచారా? స్టడీలోంచి తీసేయడానికీ దీనికీ ఏం సంబంధం? మీకు తెలుసు. తెలిసే కనురెప్పల గురించి రాశారు.

దగ్గు తగ్గిందని ఇక్కడి డాక్టరు చేత చెప్పించుకున్నాను. రేపు గుంటూరు వస్తున్నాను. ఫిర్యాదు నా సంచిలో ఉంటుంది. పోస్టులో వేయను, చేతికే ఇస్తాను.

ఫ్లోరెన్స్


రేపల్లె,
ఆగస్టు 22.

వదినగారికి,

మీరొచ్చేసరికి నేను అక్కడ ఉండను. పొద్దున బండికి రేపల్లె వచ్చేశాను. ఈ ఉత్తరం ఆదాము తెనాలిలో జాన్సన్ స్నేహితుడికి అందిస్తాడు, మీకు ఆసుపత్రిలోనే చేరుతుంది. మీ ముఖం చూస్తూ ఇది చెప్పలేను.

ఛాతీ తెరిచే ఉంది. లోపల ఏదీ మరిచిపోలేదు. ఇరుకు అనుకున్నదానికన్నా లోపలికి ఉందంట, గుండెని ఎక్కువసేపు ఆపాల్సొచ్చింది. అంతా అయ్యాక ఎముక దగ్గరికి లాగి మూయబోతే రక్తపోటు పడిపోయింది. గుండె వాచింది వదినగారూ. లోపల దానికి జాగా చాలడం లేదు. అందుకని డాక్టరుగారు మూయకుండా పైన పల్చటి పొర లాంటిది అంటించి వదిలేశారు. వాపు తగ్గాక మూస్తారంట. మీకు చెబితే తట్టుకోలేరని పిల్లలు అన్నారు. నేను ఒప్పుకున్నాను. నా కారణం వేరు.

స్టడీలోంచి తీసేసింది నా మూలాన. ఆపరేషన్ ముందు రోజు భవ్య టేబుల్ మీద కవర్ల పెట్టె పెట్టుకుని మమ్మల్ని పిలిచింది. పుష్పలత రక్తపరీక్ష కాగితాలు తేవడానికి వెళ్ళింది. రూబీ నా చంకలో ఉంది. "అమ్మా, పిల్ల చేత్తో తీయించవా?" అని అడిగాను. "కుదరదండి మామ్మగారూ, పైన ఉన్నదే విప్పాలి, వరస ఉంటుంది" అంది. "వాగ్దానం పక్కవాళ్ళు తీసిపెడితే మనదవదు తల్లీ, ఎవరిది వాళ్ళే తీసుకోవాలి" అన్నాను. "ఇది వాగ్దానం కాదండి" అని నవ్వింది. ఇంతలో ఎవరో పిలిస్తే అటు తిరిగింది. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, పిల్ల చెయ్యి పెట్టెలోకి దించాను. మధ్యలోంచి ఒకటి లాగింది. లాగిందే నోట్లో పెట్టుకుని, నెంబరున్న మూల నమిలేసింది. ఆత్రంగా నేను లాక్కోబోతే మిగతావి కూడా కలిసిపోయాయి.

ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. అయినా నన్ను ఒక్క మాట అన్లేదు. తనే డాక్టరుగారి దగ్గరికెళ్ళి వరస తప్పిందని చెప్పింది. ఎవరు తప్పించారో చెప్పలేదు. మనకి మనమే ఎంచుకుంటే లెక్కలో చేర్చకూడదంట, అందుకే మన పేరు తీసేశారు.

వదినగారూ, ఆ చిక్కటి మందు వచ్చి ఉంటే గుండె వాచేది కాదేమో. దేవుడు ఏది ఇవ్వబోయాడో, నా చెయ్యి అడ్డం పెట్టాను. మీ ఫిర్యాదులో ఆ పిల్ల పేరు కొట్టేసి నా పేరు రాయండి. పుష్పలతకి ఇంకా తెలీదు. తెలిస్తే మళ్ళీ నన్ను గడప తొక్కనిస్తుందా? పిల్లని నా పక్కలో పడుకోనిస్తుందా?

కృపమ్మ


గుంటూరు, ఆసుపత్రి నుంచి,
ఆగస్టు 26.

కృపమ్మ వదినగారికి,

మీ ఉత్తరం మూడు రోజులుగా నా దగ్గరే ఉంది. జవాబు రాయడానికి ముందు అన్నీ నేనే చూసి, అడిగి తెలుసుకోవాలనుకున్నాను.

మొదట పిల్ల సంగతి. నిన్న ఛాతీ మూసేశారు. మూసినప్పుడు రక్తపోటు నిలబడింది. ఇవాళ పొద్దున నోట్లోని ఊపిరి గొట్టం తీసేశారు, సొంతంగా ఊపిరి తీసుకుంటోంది. ఇంతవరకూ మీరు సంతోషించవచ్చు.

నేను వచ్చిన రోజు ఛాతీ తెరిచే ఉంది. నర్సు వద్దన్నా చూస్తానన్నాను. ఆ పల్చటి పొర కింద గుండె కదులుతూ కనిపించింది. జీవితమంతా బోర్డు మీద గుండె బొమ్మ గీసి నాలుగు గదులూ రంగు సుద్దలతో చూపించినదాన్ని. ఇంత చిన్నదని, ఇంత కష్టపడుతుందని ఏ రోజూ అనుకోలేదు. మిమ్మల్ని తిట్టడానికి మాటలు పేర్చుకుంటూ వచ్చాను. అక్కడ నిలబడ్డాక ఒక్కటీ గుర్తు రాలేదు. బయటికొచ్చాక గుర్తొచ్చాయనుకోండి.

డాక్టరుని పట్టుకుని, నేను వినగలిగే వైపు కూర్చోమన్నాను. "ఆ రెండో మందు వాడితే గుండె వాచేది కాదా? అవును, కాదు, ఏదో ఒకటి చెప్పండి" అన్నాను. "తెలియదండి" అన్నాడు. "రెండో మందు తీసుకున్న పిల్లల్లో కూడా కొందరికి ఛాతీ తెరిచి ఉంచాల్సి వచ్చింది. మొదటి మందు తీసుకున్నవాళ్ళలో చాలామందికి రాలేదు. మీ పాపకి ఎక్కువసేపు పట్టింది. అది కొంత కారణం. మిగతాది నాకు తెలియదు. తెలిసినట్టు చెబితే మీకు ఊరటగా ఉంటుంది, కానీ అది అబద్ధమవుతుంది" అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ మనిషి మర్యాదని శంకించాను. ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖంలో మర్యాద లేదు, అలసట ఉంది. అప్పుడు నమ్మాను.

భవ్యని కూడా పిలిచి, వరస ఎవరు తప్పించారమ్మా అని అడిగాను. మీ ఉత్తరం నా సంచిలో ఉందని చెప్పలేదు. "మా టేబుల్ దగ్గర జరిగింది కాబట్టి మాదేనండి" అంది. రెండోసారి అడిగినా అదే మాట. ఆ పిల్ల నా బడిలో చదివి ఉంటే బాగుండేదనిపించింది. ఫిర్యాదు ఇవ్వలేదు. మీ పేరుతో ఇంకొకటి కూడా రాయలేదు. మీరు చేసింది తెలివితక్కువ పని. చేసి దాచడం అంతకన్నా తెలివితక్కువ పని. పిల్లని వదిలి పారిపోవడం అన్నింటికన్నా. ఈ మూడూ మీ ఎదురుగానే అనవలసినవి, రాసేసినా మళ్ళీ అంటాను.

పుష్పలత నిన్న అడిగింది. "అమ్మా, మనల్ని ఎందుకు తీసేశారో నీకు తెలిసిందా? ఎవరైనా ఏమైనా చేశారా?" అని. తెలిసింది అన్నాను. ఎవరు అంది. "అది నేను చెప్పను. చెప్పవలసిన మనిషే వచ్చి చెబుతుంది. కానీ దానివల్లే గుండె వాచిందని మాత్రం ఎవరూ అనలేరు, డాక్టరు కూడా అనలేదు. నువ్వు అనడానికి వీల్లేదు" అన్నాను. నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఊహించే ఉంటుంది. తర్వాత లేచి, మీ దుప్పటి ఉతికి ఆరేసింది.

ఇక అసలు సంగతి. గొట్టం తీశాక రూబీకి గొంతు రావడం లేదు, గాలి మాత్రమే వస్తోంది. నేను దగ్గరికి వంగి, "అమ్మమ్మ వచ్చిందమ్మా" అన్నాను. నన్ను చూసింది. తల పక్కకి తిప్పి, మీరు కూర్చునే స్టూలు వైపు చూసింది. "నాన్నమ్మేదీ" అంది. నాకు బాగా వినపడే వైపే అంది కాబట్టి పొరపాటు లేదు. నా పేరు అనలేదు. అది కూడా మీకు రాయాలి కాబట్టి రాస్తున్నాను.

"వస్తోందమ్మా, రైలెక్కింది" అని చెప్పాను. ఆ పిల్లకి నేను ఇంతవరకూ ఒక్క అబద్ధం చెప్పలేదు. ఈ ఉత్తరం అందగానే బయలుదేరండి.

ఫ్లోరెన్స్